నాలుగు, ఆరు, సున్నా, రెండు

కొత్తగా ఉద్యోగానికి వచ్చే పిల్లలందరినీ నేను ఒకే ప్రశ్న అడిగేవాణ్ణి. తెల్లకాగితం మీద వరసగా గళ్ళు గీసి, గడికొక అంకె వేసి, వీటిని కలిపి ఒక్క సంఖ్య చేసే ప్రోగ్రాం రాయమనేవాణ్ణి. నాలుగు, సున్నా, ఏడు ఇస్తే నాలుగువందల ఏడు రావాలి. ఇంతేనా అన్నట్టు నవ్వేవాళ్ళు. నవ్వినవాళ్ళలో చాలామంది అక్కడే బోర్లా పడేవాళ్ళు. కొందరు మూడూ కూడేసి పదకొండు తెచ్చేవాళ్ళు. తెలివైనవాళ్ళం అనుకునేవాళ్ళు అంకెల్ని అక్షరాల్లా పక్కపక్కన అతికించి, ఇక నువ్వే సంఖ్యగా మార్చుకో అని కంప్యూటర్ నెత్తిన పడేసేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. అతికించడానికి ఇంజనీరింగ్ ఎందుకయ్యా, పోస్టాఫీసులో స్టాంపులు అంటించుకుంటే పోయేది కదా అనేవాణ్ణి. నా నోటికి జడిసి ఒకడు సర్టిఫికెట్ల ఫైలు కూడా మా ఆఫీసులోనే మరిచిపోయి వెళ్ళాడు.

నాకు కావలసిన జవాబు ఒకటే. చేతిలో సున్నాతో మొదలుపెట్టు. అంకె వచ్చినప్పుడల్లా చేతిలో ఉన్నదాన్ని పదితో గుణించు, వచ్చినదాన్ని కలుపు. నాలుగు వచ్చింది, నాలుగు. సున్నా వచ్చింది, నలభై. ఏడు వచ్చింది, నాలుగువందల ఏడు. రైల్లో సీటు మీద కొత్తవాడు వచ్చి కూర్చుంటే పాతవాళ్ళు తలా కాస్త జరిగినట్టు, కొత్త అంకె వస్తే పాతవన్నీ ఎడమకి జరుగుతాయి. రైల్లో జరిగినవాడికి ఇరుకే మిగులుతుంది. ఇక్కడ జరిగినవాడి విలువ పదింతలవుతుంది. ఇంత చిన్న పనిలో ఇంత పొందిక ఉందని ఆ పిల్లలకి తెలియాలని నా ఆరాటం. వాళ్ళకి మాత్రం నేను చాదస్తపు ముసలాయన్ని.

మా ఆఫీసు పనే అది. మద్రాసు గిండీలో చిన్న కంపెనీ. లారీలను తూచే వేబ్రిడ్జిలకి ప్రోగ్రాములు రాస్తాం. లారీ వచ్చి ఇనప పలక మీద ఆగుతుంది. పక్క గదిలోని తూకం మిషను ఆ బరువుని కేబుల్ గుండా కంప్యూటర్‌కి పంపుతుంది. పంపేటప్పుడు అది ఇరవైవేలనో ముప్ఫైవేలనో చెప్పదు, ఒకదాని వెనక ఒకటి అంకెలు వదులుతుంది. వాటిని పట్టుకుని బరువుగా మార్చడం మా ప్రోగ్రాం వంతు. ఆ ముక్క రాసింది నేనే. ఎన్నూరు రోడ్డు మీద బొగ్గు లారీలు తూగే చోట్ల చాలావాటిలో అది నడుస్తూ ఉంది. సగం జీవితం ఆ బొగ్గు దుమ్ములోనే తిరిగాను. టైర్లు ఎంత కుంగాయో చూసి, తెర మీదకి రాకముందే బరువు చెప్పేవాణ్ణి. డ్రైవర్లు నాతో పందెం కట్టి ఓడి టీ తాగించేవాళ్ళు. ఆ టీలో కూడా బొగ్గు నలుసులు ఉండేవి, అయినా బాగుండేది.

అలాంటి నాకు పోయినేడాది స్ట్రోక్ వచ్చింది. మైలాపూరు స్టేషన్ మెట్లు ఎక్కుతూ ఉంటే కుడిచెయ్యి నాది కాకుండా పోయింది. ఎవరో పట్టుకున్నారు, ఎవరో ఆటోలో వేశారు. కళ్ళు తెరిచేసరికి ఆసుపత్రి మంచం, పక్కన మా ఆవిడ. నోరు త్వరగానే తిరిగింది. ఈయన నోరు అంత సులువుగా పడిపోయేది కాదని మా ఆవిడ చూడవచ్చినవాళ్ళందరికీ చెప్పింది. చెయ్యి కూడా మెల్లగా దారికొచ్చింది. పోయింది వేరే. అది పోయిందని చాలారోజులు ఎవరికీ తెలియలేదు.

ఎలా తెలుస్తుంది? ఈ ఊళ్ళో అంకెల్ని కలిపి చదివేదెవరు? ఫోన్ నంబరు విడివిడిగా చెప్తాం, ఆసుపత్రి గది నంబరూ అంతే. ఏ గది అని మా బావమరిది ఫోన్లో అడిగితే తలుపు మీద చూసి, త్రీ వన్ టూ, అన్నాను. వచ్చేశాడు. ఎవరికీ ఏ అనుమానమూ లేదు. నాకు ఉంది. తలుపు మీద మూడు కనపడుతోంది, ఒకటి కనపడుతోంది, రెండు కనపడుతోంది. మూడూ మూడు కొత్త మనుషుల్లా పక్కపక్కన నిలబడ్డాయి గాని ఒకదానికొకటి ఏమవుతాయో తెలియలేదు. అది పెద్ద సంఖ్యా చిన్న సంఖ్యా అని నన్ను నేనే అడిగి, జవాబు రాక, దుప్పటి ముఖం మీదకి లాక్కున్నాను. భయమేసింది. చెయ్యి పడిపోయినప్పుడు కూడా అంత భయపడలేదు.

డాక్టరుకి చెప్పాను. స్పీచ్ థెరపిస్ట్‌ని పంపిస్తామన్నారు. మాతృభాష ఏదని అడిగారు. మా ఆవిడ గుండె నిండా గాలి పీల్చుకుని, తెలుగు, అంది. మా రెండు కుటుంబాలూ మద్రాసు వచ్చి తరాలు గడిచాయి. నెల్లూరు వైపు నుంచి ఎప్పుడు వచ్చారో చెప్పగలిగినవాళ్ళు కూడా ఇప్పుడు లేరు. మా ఆవిడ ఈ ఊళ్ళోనే, చూలైలో పుట్టి పెరిగింది. వాళ్ళ నాన్నకి అక్కడ చిన్న లేతు మిషను షెడ్డు ఉండేది. కూరగాయలు తమిళంలో కొంటాం, కోపం తెలుగులో తెచ్చుకుంటాం. కానీ ఎవరైనా అడిగితే మాత్రం తెలుగే. ఆ మాటలో తగ్గే ప్రసక్తి లేదు.

ఆసుపత్రివాళ్ళు వెతికి వెతికి ఒక తెలుగు అమ్మాయిని పంపారు. గుంటూరు వైపు పిల్ల, ఓపిక మనిషి. అట్టముక్కలు పరిచి, "సార్, వీటిలో డెబ్బై ఎనిమిది ఎక్కడుందో చూపించండి" అనేది. నేను చూపించలేకపోయేవాణ్ణి. నూట అరవై మూడు అనేది. నేను కిటికీలోంచి బయటికి చూసేవాణ్ణి. అలా కొన్ని వారాలు సాగింది. సంఖ్యాజ్ఞానం చాలా దెబ్బతిన్నదని ఆ అమ్మాయి మా ఆవిడకి మెల్లగా చెప్పింది. ఆరోజు నుంచి మా ఆవిడ నవ్వు మానేసింది. వంటింట్లో గిన్నెలు కూడా చప్పుడు కాకుండా పెట్టేది, ఇంట్లో ఎవరో నిద్రపోతున్నట్టు.

ఒక సాయంత్రం ఇద్దరం కూరగాయలకి వెళ్ళాం. వంకాయలు ఏరుతున్న మా ఆవిణ్ణి ఊరికే అడిగాను.

"ఏమే, డెబ్బై ఎనిమిది అంటే ఎంతే?"

"ఎయిటీ సెవెన్ కదా" అంది, వంకాయ తిప్పుతూ. తర్వాత ఆగింది. "ఉండండి. ఎనభై అంటే ఎయిటీ. అప్పుడు డెబ్బై... నైంటీనా?"

"నన్నడిగితే? నాకు తెలిస్తే ఆ పిల్ల ముందర అట్లా గుడ్లు తేలేస్తానా?"

వంకాయ చేతిలో పట్టుకుని నా ముఖం చూసింది. ఇద్దరికీ ఒకేసారి తట్టింది. పుట్టినప్పటి నుంచి మేము తెలుగులో ఇరవై దాటి లెక్కపెట్టలేదు. ఇరవై దాటితే ఇంగ్లీషో తమిళమో. మా అమ్మ కూడా అంతే. నాకు రాని మాటలు పోయాయని ఇంతకాలం ఏడ్చాం. మా ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. బుట్ట కింద పెట్టేసి, పైట నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. కూరగాయలమ్మి కూడా ఏమిటో తెలియకుండానే నవ్వింది. ఎన్నాళ్ళయిందో ఆ నవ్వు విని.

దారిలోనే పరీక్ష పెట్టింది. "మన ఇంటి నంబరు చెప్పండి చూద్దాం" అంది. ఈ ఊళ్ళో ప్రతి ఇంటికీ పాత నంబరొకటి, కొత్త నంబరొకటి ఉంటాయి. ఆటోవాళ్ళకి మా ఆవిడ ఎప్పుడూ కొత్తదే చెప్తుంది, కలిపేసి, టక్కున. నేనూ అలాగే, వన్ ట్వెంటీ సెవెన్, అన్నాను. "చూసినారా, వచ్చేసింది! ఒంట్లో ఏ లోపమూ లే. భాషదే తప్పంతా" అంది. పేరు అడిగితే పేరు చెప్పినట్టు చెప్పాను నేను. ఆ మూడు అంకెలూ కలిసి ఎంతవుతాయో, అవి నూరుకి ఇటువైపా అటువైపా అన్నది అప్పుడు కూడా నాకు తెలియదు. ఆ సంగతి చెప్పడానికి నోరు తెరిచి, ఆమె ముఖం చూసి మూసుకున్నాను.

థెరపిస్ట్ అమ్మాయికి చెప్తే నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. అట్టముక్కలు మళ్ళీ మొదటి నుంచీ పరిచింది, ఈసారి ఇంగ్లీషులో. రెండంకెలవి చాలావరకు చెప్పాను. మూడంకెలకి వచ్చేసరికి మళ్ళీ అదే గోడ. ఫోర్ హండ్రెడ్ అండ్ సెవెన్ అని పైకి చదివాను, సరిగ్గానే. దాని పక్కన నాలుగు, ఏడు, సున్నా ఉన్న అట్టముక్క పెట్టి ఏది పెద్దది అంటే, బొమ్మా బొరుసూ వేసినట్టు ఒకటి చూపించాను. అదృష్టం బాగుంటే సరైనదే తగిలేది. ఇంకా టైం పడుతుంది సార్, తొందరపడకండి అంది ఆ అమ్మాయి. ఆ మాట నాకే చెప్పింది. మా ఆవిడ అప్పుడు వరండాలో ఫోన్లో ఉంది, వాళ్ళ అన్నయ్యకి వంకాయల కథ చెప్తూ.

ఆ కథ ఎక్కడెక్కడికి పోలేదు! మా వీధికి, చూలైకి, చివరికి మా ఆఫీసుకి. ఈయనకేమీ కాలేదు, తెలుగులో అడిగినారు కాబట్టి తెలియలేదంతే, అని మా ఆవిడ మా మేనేజరుకి స్వయంగా ఫోన్ చేసి చెప్పింది. సంతోషం, ఒకసారి వచ్చి పని చేసి చూపించండి, బాగుంటే మళ్ళీ ఎన్నూరు సైటు మీకే అన్నాడాయన. తేదీ కూడా చెప్పాడు. ఆ నెలంతా నా కోపానికి పట్టపగ్గాలు లేవు. కాఫీ చల్లారిందని అరిచాను, ఫ్యాను తిరుగుతోందని అరిచాను. అరవాల్సిన మాట ఒక్కటే ఉంది, అది మాత్రం లోపలే ఉండిపోయింది. ఈ రాతలో ఉన్న పెద్ద సంఖ్యలన్నీ ఇప్పుడు మా ఆవిడ చదివి, తెలుగు మాటలు ఆ థెరపిస్ట్ అమ్మాయిని అడిగి సరిచూసినవే. అప్పట్లో మా ఆవిడ చేత అలా చూపించుకోవడానికి నాకు నామోషీ.

మేనేజరు చెప్పిన రోజున ఆటోలో గిండీ వెళ్ళాం. మా ఆవిడ మైసూర్‌పాక్ డబ్బా కొంది, పని అయ్యాక ఆఫీసులో పంచడానికి. పెద్ద డబ్బా. ముందుగదిలో కుర్చీలో కూర్చుని దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. నేను లోపలికి వెళ్ళాను.

నన్ను చూడాల్సింది మా టీం లీడర్. విజయనగరం నుంచి చదువుకోడానికి ఇక్కడికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుర్రాడు. కుర్రాడని నేననుకోవడమే గాని, ఇద్దరు పిల్లల తండ్రి. గళ్ళ కాగితం మీద సరైన జవాబు రాసి మా ఆఫీసుకి వచ్చిన బహుకొద్దిమందిలో ఒకడు. చేరిన కొత్తలో ఒకసారి తెర మీద వచ్చిన బరువు చూడకుండానే సరే అనేస్తే, అందరిముందూ దులిపేశాను. లారీ వైపు చూడు, తెర వైపు చూడు, రెండూ ఒకే మాట చెప్తున్నాయా చూడు, తెర మీద వచ్చిందల్లా నమ్మేవాడు ఈ పనికి వద్దు అన్నాను. ఆ తిట్టు తనని మనిషిని చేసిందని అందరికీ చెప్తూ ఉంటాడు.

నా ముందు తెల్లకాగితం పెట్టి గళ్ళు గీశాడు. "మీ ప్రశ్నే సార్. మిమ్మల్ని ఇంకేం అడుగుతాను?" అన్నాడు. సిగ్గుపడుతూ అన్నాడు. నాకు మేలు చెయ్యాలని తేలికైనది ఎంచుకున్నాడు.

కీబోర్డ్ ముందు కూర్చున్నాను. చేతులకి తెలుసు. సున్నాతో మొదలు, పదితో గుణించు, కలుపు. వేళ్ళు కాస్త తడబడ్డాయి గాని ఒక్క తప్పు లేదు. గడుల్లోని అంకెలు ఇచ్చాడు, సంఖ్య వచ్చింది. చప్పట్లు కొట్టినంత పని చేశాడు. గాజు తలుపులోంచి మా ఆవిడ మెడ చాచి చూస్తోంది. ఆ ఒక్క నిమిషం నాకు కూడా అనిపించింది, ఏమో, మా ఆవిడ చెప్పిందే నిజమేమో అని.

"ఇంకొక్కటి సార్, ఇది ఎన్నూరుది" అన్నాడు. అక్కడ కొత్త తూకం మిషను పెట్టారట. నిన్న బొగ్గు లోడుతో తూగిన లారీ తాలూకు అంకెలు, కేబుల్ మీద వచ్చినవి వచ్చినట్టు, ఒక ఫైల్లో పట్టి తెచ్చాడు. వాటిని నా ప్రోగ్రాంలోకి వదిలాడు. తెర మీద వచ్చింది. నాలుగు, ఆరు, సున్నా, రెండు.

"సరిపోయిందా సార్?"

చూశాను. నాలుగు. ఆరు. సున్నా. రెండు. అన్నీ శుభ్రంగా ఉన్నాయి.

"సరిపోయింది" అన్నాను.

అతను తెర వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు. చాలా మెల్లగా, "లోడు లారీ సార్" అన్నాడు.

అప్పుడు వివరించాడు. పాత మిషన్లు పెద్ద స్థానం నుంచి మొదలుపెట్టి అంకెలు పంపేవి. ఈ కొత్తది చివరి అంకె నుంచి వెనక్కి పంపుతుంది. లారీ బరువు ఇరవైవేల ఆరువందల నలభై కిలోలు. తిరగబడి వచ్చేసరికి సున్నా ముందుకొచ్చి మాయమై, నాలుగువేల ఆరువందల రెండు మిగిలింది. ఆ బండి ఖాళీగా ఉన్నా దానికి రెండింతలు తూగుతుంది. ఎన్నూరులో టీ అమ్మేవాడు కూడా ఆ తెర చూసి నవ్వుతాడు. నా కోడు తప్పు కాదు, వచ్చిన వరస తప్పు. చూడగానే పట్టుకోవాలి. పట్టుకోవడమే నా ఉద్యోగం. టైర్లు చూసి బరువు చెప్పిన మనిషిని నేను.

అతను కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. తెర చిన్నది సార్, అద్దాలు మార్చుకోవాలేమో, నేను వరస సరిచేసేస్తాను, మేనేజరు గారికి అంతా బాగుందని చెప్తాను, అన్నాడు. నా కళ్ళలోకి చూడకుండా అన్నాడు. ఊఁ అంటే చాలు. సోమవారం నుంచి ఎన్నూరు. మా ఆవిడ ఒళ్ళో డబ్బా తెరుచుకుంటుంది. నాకు ఏడుపొచ్చింది, నిజంగానే. ఈ మనిషిని నేను నిలబెట్టి దులిపిన మాటలు నాకు గుర్తున్నాయి, అతనికీ గుర్తున్నాయి. ఇప్పుడు నా కోసం అబద్ధం చెప్పడానికి సిద్ధపడ్డాడు.

"అద్దాలు కాదు నాయనా" అన్నాను. "అంకెలు కనపడతా ఉండాయి. అవి ఎంతో నాకు తెలీడం లేదు. నన్ను ఆడికి పంపొద్దు."

అతను నా భుజం మీద చెయ్యి వేశాడు. నేను తోసెయ్యలేదు. పాతరోజుల్లో అయితే తోసేసేవాణ్ణి.

బయటికి వచ్చాను. మా ఆవిడ డబ్బా మూతకున్న తాడు విప్పుతోంది. నన్ను చూసి, చేతులు ఆపింది. తాడు మళ్ళీ కట్టేసి, సరి, పోదాం రండి, అంది. ఆటో సైదాపేట దాటుతుండగా లోపల జరిగింది చెప్పాను.

"మీకు మొదట్నించీ తెలుసా?" అంది.

"తెలుసు."

"ఊరంతా చెప్పుకున్నా కదా నేను. పిచ్చిదాన్లా ఊరంతా చెప్పుకున్నా. ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా, అప్పుడే."

కోపంగానే అంది. అనాల్సిందే. నేను రోడ్డు వైపు చూస్తూ చెప్పాను.

"ఆడ కూరగాయల దగ్గర నువ్వు నవ్వినావు. ఎన్ని నెలల తర్వాత నవ్వినావు. దాన్ని చెడగొట్టబుద్ధి కాలేదు."

ఆమె ముఖం అటు తిప్పుకుంది. డబ్బా మీద రెండు చేతులూ అలాగే ఉన్నాయి. మైలాపూరులోకి వచ్చాక కూడా తిప్పిన ముఖం ఇటు తిప్పలేదు.

మా వీధి మలుపులో ఆటోవాడు ఇంటి నంబరు అడిగాడు. మా ఆవిడ టక్కున చెప్పబోయి ఆగింది. నా వైపు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"వన్" అంది. "టూ. సెవెన్."

ఒక్కొక్కటీ విడిగా, నాకు అందేటట్టు చెప్పింది. ఇంటి ముందు ఆటో ఆగాక డబ్బా నా చేతికిచ్చి తను ముందు దిగింది. నేను దిగడానికి చెయ్యి పట్టింది.